గొంగడి

గొంగడి అంటే గొర్రె బొచ్చుతో నేసిన ముతక దుప్పటి. గొంగళి, కంబళి అన్నా అదే. దుప్పటి అనే అర్థం ఒక్కటే తీసుకుంటే మాత్రం దాని ఉపయోగం సగమైనా తెలియదు. జీవాలు కాసేవాడికి అది ముందు ఒంటిమీది బట్ట. చలికి భుజాల చుట్టూ కప్పుకుంటాడు. వాన పడితే ఒక కొసను ముసుగులా మడిచి నెత్తిన వేసుకుంటాడు, తలా వీపూ తడవవు. రాత్రి మంద దగ్గర అదే పక్క. మేత దారిలో గొర్రె ఈనితే పిల్లను చుట్టి ఎత్తుకునేదీ దాంట్లోనే.

వానకు గొంగడి ఆగడానికి కారణం ఉన్నిలోనే ఉంది. పోగుకు సహజంగా ఉండే జిడ్డు నీటి చుక్కను జారుస్తుంది. పైగా ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం తేమను పీల్చుకున్నా తడిసినట్టు అనిపించదు. పోగుల మధ్య చిక్కిన గాలి ఒంటి వేడిని బయటికి పోనివ్వదు.

తెలంగాణలో ఈ ఉన్ని దక్కని గొర్రెది. నల్లని, మొరటు బొచ్చు. రంగు అద్దే పని లేదు. కత్తిరించిన బొచ్చును ఏకి, ఆడవాళ్లు రాట్నం మీద వడుకుతారు. తర్వాతి పని ఓపికతో కూడినది. చింతగింజలు నానబెట్టి, నూరి, ఉడికించిన గంజిని బారుగా సాగదీసిన పడుగుకు పట్టించి ఆరబెడతారు. ఆ గంజి పట్టుతోనే ముతక నూలు గుంటమగ్గం మీద తెగకుండా నిలుస్తుంది. ఈ విద్య ప్రధానంగా కురుమలది. వాళ్ల పెళ్లిళ్లలో వధూవరులను గొంగడి మీద కూర్చోబెట్టే ఆచారం ఉంది.

మాంసానికి గిరాకీ పెరిగాక మందల్లోకి బొచ్చులేని నెల్లూరు జాతి పొట్టేళ్లు వచ్చాయి. సంకరంతో దక్కని గొర్రె తగ్గింది, దానితో ఉన్నీ తగ్గింది. మరోవైపు పానిపట్టు మిల్లుల చవక దుప్పట్లు సంతలకు చేరాయి. చేతినేత గొంగడికి అసలు నష్టం గొర్రె మారడం వల్లే జరిగింది. దుప్పట్ల పోటీ దాని తర్వాతిదే.

వాడకం తగ్గినా జనం గొంగడిని మరచిపోలేదు. ప్రజాగాయకుడు గద్దర్ (1949-2023) గజ్జెలు కట్టి, భుజాన గొంగడితో ఆడిపాడిన ప్రదర్శనలు దాన్ని కష్టజీవి గుర్తుగా ఊరూరికీ తీసుకెళ్లాయి. మాటల్లోనూ అది బలంగానే ఉంది. ఒళ్లంతా నూగున్న పురుగు గొంగళిపురుగు. పని ఎంతకీ ముందుకు సాగకపోతే ‘ఎక్కడ వేసిన గొంగళి అక్కడే’ అంటారు. లోపాలు తప్పని చోట తప్పులెంచేవాణ్ణి ‘గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు’ అని దెప్పుతారు.