చిల్లపెంకు ఎక్కడ దొరికిందర్రా?

పిల్లలూ, గోపాలపట్నంలో ఇంటి ముందు సముద్రం లేదు కదా, దాని సంగతి మనకెందుకు అనుకోకండి. మన మేఘాద్రి గెడ్డ పోయి కలిసేది విశాఖ హార్బరులోనే. 1933లో ఓడరేవు తెరిచారు. అంతకు ముందు ఆ గెడ్డ మొగ ఆటుపోట్లకు మునిగి తేలే ఉప్పునేల. దాన్ని తవ్వే లోపలి హార్బరు కట్టారు. ఇంకా వెనక్కి వెళ్తే, సుమారు 20,000 ఏళ్ల కిందట మంచుయుగంలో సముద్రమట్టం ఇప్పటికన్నా 120 మీటర్ల దాకా కిందికుండేది. ఆనాటి ఒడ్డు ఇప్పుడు నీళ్లడుగున ఉంది.

అందుకే తీరంలో మనుషులెలా బతికారో తెలియాలంటే కొండ, గెడ్డ, ఇసుక, సముద్రం అన్నీ కలిపి చూడాలి. పడవలేమో మిగలవు. మన మసూలా పడవల పలకల్ని మేకులతో కాక కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. కెరటం కొడితే అవి విరక్కుండా ఒదిగేవి. కానీ చెక్క పుచ్చిపోతుంది, తాడు చివికిపోతుంది. కాల్చిన మట్టి మాత్రం వేల ఏళ్లుంటుంది. చిల్లపెంకుకు అంత విలువ అందుకే.

అయితే వస్తువు ఎక్కడ దొరికిందన్నదీ ముఖ్యమే. భీమిలి దారిలోని తొట్లకొండనే చూడండి. 1976లో నౌకాదళం కోసం సర్వే చేస్తుంటే శిథిలాలు కనబడ్డాయి. 1988 నుంచి రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వితే స్తూపం, విహారాలు, వాననీరు పట్టుకోడానికి రాతిలో తొలిచిన తొట్లు బయటపడ్డాయి. రెండువేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులున్న చోటది. శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి.

ఆ రోమన్ నాణెమే సంతలో కొన్నామనుకోండి, పాత వెండిబిళ్ల అంతే! ఊరూ తేదీ చింపేసిన ఉత్తరంలాంటిది. సముద్రానికెదురుగా, కొండమీద, శాతవాహన నాణేలున్న విహారంలో దొరికింది కాబట్టే ఈ తీరానికి దూరదేశపు వర్తకంతో సంబంధముండేదని చెప్పగలుగుతున్నాం. రోమన్లే వచ్చారని కాదు. చేతులు మారుతూ వచ్చి ఉండొచ్చు. సాక్ష్యం ఎంతవరకు చెబితే అంతవరకే మనం చెప్పాలి.

కాబట్టి పునాది తవ్వుతుంటే పాత పెంకులో నాణేలో కనబడితే ఏరుకుని జేబులో వేసుకోకండి. ఉన్నచోటే ఉంచి ఫొటో తీయండి, ఎంత లోతులో ఉందో రాసుకోండి, పెద్దలతో పురావస్తు శాఖకు కబురు చేయించండి. వస్తువును ఎప్పుడైనా కడిగి అద్దాల పెట్టెలో పెట్టుకోవచ్చు. అది దొరికిన మట్టిని ఒకసారి కెలికేశామంటే మళ్లీ పేర్చలేం నాయనా.