క్రీడాకారుని కీర్తి, కళంకము

ఆటలో అసమానుడై, నడతలో నింద మోసిన క్రీడాకారునికి అత్యున్నత గౌరవము తగునా? అమెరికాలో ఈ ప్రశ్న బేస్‌బాల్ ఆటగాడు పీట్ రోజ్ విషయమున చిరకాలము నలిగినది. 4,256 హిట్లతో అగ్రస్థానమందిన అతడు పందెముల వ్యవహారమున 1989లో బహిష్కృతుడయ్యెను; 2004లో తప్పు ఒప్పుకొనెను. 2024లో అతడు మరణించిన పిదప, 2025లో గాని ఆ బహిష్కారము తొలగలేదు.

మన తెలుగునాట ఇట్టి చర్చ హైదరాబాదు వాసి మహమ్మద్ అజారుద్దీనును గూర్చినది. తొలి మూడు టెస్టులలోను శతకములు చేసిన అతని ఆటను రేడియో వ్యాఖ్యానములో వినుచు పిఠాపురము వంటి ఊళ్ళలోని శ్రోతలును మురిసిరి. 99 టెస్టులు ఆడిన పిమ్మట, పందెగాండ్రతో కుమ్మక్కయ్యెనన్న అభియోగముపై క్రికెట్ బోర్డు 2000లో అతనిపై జీవితకాల నిషేధము విధించెను. అది చట్టసమ్మతము కాదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2012లో తీర్పు చెప్పెను.

2019లో ఉప్పల్ క్రీడాప్రాంగణమున ఉత్తరపు స్టాండుకు అతని పేరు పెట్టిరి. ఆనాడు హైదరాబాదు క్రికెట్ సంఘాధ్యక్షుడు అతడే. స్వప్రయోజనమను ఆక్షేపణపై ఆ పేరు తొలగింపవలెనని సంఘపు అంబుడ్స్‌మన్ 2025లో ఆదేశింపగా, తెలంగాణ హైకోర్టు ఆ ఆదేశమును నిలిపివేసెను.

ఇచ్చట మూడు సంగతులను వేరుపరుపవలెను. చేసిన పరుగులు చరిత్ర, వానిని చెరుపరాదు. నేరమును తేల్చునది విచారణ. వదంతి తీర్పు కాజాలదు. గౌరవమన్ననో, పిల్లలకు చూపు ఆదర్శము. కనుక నేరము రుజువైనవానికి స్కోరుపుస్తకమున చోటు చాలును. రుజువు కానివానికి నిందనే శిక్షగా మార్చుట న్యాయము కాదు. అయినను, ఎవ్వరును తాము నడుపు సంస్థచే సత్కారమందకుండుటయే మేలు. పరుల చేతిమీదుగా వచ్చినప్పుడే సత్కారమునకు విలువ.