రాని ప్రళయమునకై కాచియున్న శకటములు

తపాలా బిళ్లలను సేకరించు బాలునకు ఒక పుస్తకము చాలును. పాత నాణెములను సేకరించు పెద్దమనిషికి ఒక పెట్టె చాలును. కాని లారీ యంతటి అగ్నిమాపక శకటమును ముచ్చటపడి కొని ఇంటికి తెచ్చుకొన్నవాని పాట్లు వేఱు. దానిని నిలుపుటకు వాకిలి చాలదు. త్రాగించుటకు పెట్రోలు చాలదు. ఒక్కొక్కప్పుడు ఇల్లాలి ఓర్పును చాలదు. అయినను బ్రిటను దేశమున ఈ వ్యసనమునకు లోబడినవారు కొందఱు కలరు. వారిలో పలువురి మనసు దోచినది ముదురాకుపచ్చ రంగు పూసిన ఒక బెడ్ఫర్డు వాహనము. ప్రభుత్వపు కాగితములలో దాని పేరు 'స్వయంచాలిత పంపు'. జనము పెట్టుకొన్న పేరు 'గ్రీన్ గాడెస్', అనగా పచ్చని దేవత.

పొలిమేరలో నిలిచి ఊరిని కాచు దేవతలను ఎఱిగిన మనకు ఈ పేరు వింతగా తోచదు. బెడ్ఫర్డు పేరును మనకు పరాయిది కాదు. ఒకనాడు మన రహదారులపై ధాన్యపు బస్తాలు మోసిన లారీలలో బెడ్ఫర్డులును ఉండెడివి. ఈ దేవత ఆ వంశములోనిదే.

నాలుగు చక్రములకును ఇంజను శక్తి అందు పాత వాహనములలో నిప్పు నార్పుటకు వాడబడినవి ఇంకను అనేకములు కలవు. యుద్ధకాలపు జీపులు, 1946లో వెలువడిన అమెరికా డాడ్జి పవర్ వాగనులు, 1948లో పుట్టిన లాండ్ రోవరులు పంపులు తగిలించుకొని అడవులలోను, విమానాశ్రయములలోను పనిచేసినవి. వీటినన్నిటిని సేకరించువారు ఉన్నారు. అయితే పచ్చని దేవత కథ వంటి కథ వాటిలో దేనికిని లేదు.

ముందుగా ఈ నాలుగు చక్రముల సంగతి. సామాన్యపు లారీలో ఇంజను శక్తి వెనుక చక్రములకు మాత్రమే చేరును. ముందు చక్రములు దారి మళ్లించుటకే గాని లాగుటకు కావు. వెనుక చక్రములు బురదలో దిగబడినచో ఇంజను ఎంత గర్జించినను బండి కదలదు. మన ఎడ్లబండి దిగబడినప్పుడు బండివాడు దిగి చక్రపు ఆకులు పట్టి త్రిప్పును గదా! నాలుగు చక్రముల శకటములో ఆ సాయమును ముందు చక్రములే చేయును. కూలిన గోడల రాళ్లపైనను, గతుకుల నేలపైనను అది నడువగలదు. ఒక నగరపు అగ్నిమాపక శకటమునకు ఇంతటి శక్తి ఏల కావలసివచ్చెను? దానికి సమాధానము 1940 డిసెంబరు 29వ తేదీ రాత్రిలో ఉన్నది.

ఆ రాత్రి జర్మను విమానములు లండను నగరముపై వేలకొలది దాహక బాంబులను కురిపించెను. సెయింటు పాల్ దేవాలయము చుట్టునున్న వీధులు మండిపోయినవి. బాంబుల ధాటికి భూమిలోని నీటి గొట్టములు పగిలినవి. ప్రక్కనే థేమ్సు నది. కాని అది ఆటు వేళ. నీరు మిక్కిలి క్రిందికి దిగిపోయి, గొట్టము దింపుటకు గట్టునుండి బురద దాటవలసివచ్చెను. ఖాండవ దహనమున ఇంద్రుడు కురిపించిన వాన అర్జునుని బాణముల పందిరివలన అగ్నిని చేరలేకపోయినట్లు, ఇక్కడ నీరు కనుచూపు మేరలోనే యుండియు మంటను చేరలేకపోయెను. అగ్నిమాపకులకు ధైర్యము కొఱవడలేదు. చేతిలోని గొట్టమునకు నీరే కొఱవడినది.

యుద్ధము ముగిసిన పిమ్మట అణుబాంబు భయము మొదలయ్యెను. ఈ మాఱు ఒక నగరము కాదు, అనేక నగరములు ఒక్కసారిగా తగులబడవచ్చునని పాలకులు తలంచిరి. యుద్ధకాలమున పనిచేసిన సహాయక అగ్నిమాపక దళమును తిరిగి నెలకొల్పిరి. అందలి సభ్యులు ఉద్యోగములు చేసికొనుచు తీరిక వేళలలో శిక్షణ పొందిన స్వచ్ఛంద సేవకులు. వారికొఱకు 1953 నుండి 1956 వఱకు నిర్మింపబడినవే ఈ పచ్చని శకటములు. తొలుత కొన్నిటికి రెండు చక్రములకే శక్తి అందెడిది; తరువాతివానికి నాలుగింటికిని అందినది. సేకర్తలు ఎక్కువగా కోరుకొనునవి ఈ రెండవ రకమువి.

ఉపాధ్యాయులు తరగతిలో ఇచ్చుటకు తగిన లెక్క యొకటి ఈ శకటములో ఉన్నది. దాని తొట్టిలో పట్టు నీరు 300 గ్యాలన్లు, అనగా సుమారు 1,360 లీటర్లు. దాని పంపు పూర్తి వేగమున నిమిషమునకు వెలిగ్రక్కగల నీరు సుమారు 1,000 గ్యాలన్లు. తొట్టి ఎంతసేపటికి ఖాళీ యగును? పద్దెనిమిది సెకనులకు! ఇదేమి శకటమని విద్యార్థి నవ్వవచ్చును. కాని ఆ నవ్వులోనే దీని రహస్యమున్నది. ఇది నీటిని మోసికొనిపోవుటకు పుట్టినది కాదు, నీటిని తోడుటకు పుట్టినది.

పూరిండ్లు అంటుకొన్నప్పుడు మన పల్లెలలో జనము బావినుండి ఇంటివఱకు బారులు తీరి కడవలు అందించుకొందురు. ఒకరు తోడుదురు, చివరివారు చల్లుదురు, నడుమనున్నవారందఱు అందించువారే. పచ్చని శకటముల యుద్ధవ్యూహము సరిగా ఇదియే. ఒకటి నదిలోనికి గొట్టము దింపి నీరు తోడును. రెండవది దానిని అందుకొని ఒత్తిడి పెంచి మూడవదానికి పంపును. ఇట్లు మైళ్లకొలది దూరము నదినే నగరములోనికి నడిపించవలెనని సంకల్పము.

ఈ తోడుట కూడ తెలిసికొనదగినదే. పంపు నీటిని లాగుచున్నదని మన మందుము గాని, నిజమునకు లాగునది యేదియు లేదు. గొట్టములోని గాలిని తీసివేసినచో, నదిపై నున్న వాతావరణపు బరువే నీటిని గొట్టములోనికి నెట్టును. ఆ బరువు నెట్టగలిగినది సుమారు 34 అడుగుల ఎత్తు వఱకే. అనుభవములో అంతయును రాదు. ఎంతటి ఇంజను తగిలించినను అంతకంటె లోతునుండి నీరు పైకి రాదు. గట్టు ఎత్తై, నీరు లోతుననున్న చోట చేతులతో మోసికొనిపోవుటకు ఒక తేలికైన చిన్న పంపును శకటములోనే ఉంచిరి. కవెంట్రీ క్లైమాక్సు సంస్థ చేసిన ఆ పంపు ఇంజను బరువునకు మించిన బలము కలది. ఆ గుణము చూచి పందెపు కార్లవారు దానిపై కన్నువేసిరి. దానినుండి పెంపొందించిన ఇంజను 1950 దశకమున లోటసు, కూపరు కార్లలో చేరి పందెములు గెలిచెను. పంపు బిడ్డ గుఱ్ఱమయ్యెనన్నమాట. తల్లి శకటము మాత్రము గంటకు 45 మైళ్లకు మించి పరుగెత్తి యెఱుగదు.

వీటిని ఏ ప్రళయమునకై నిర్మించిరో అది రాలేదు. 1968లో సహాయక దళమును రద్దు చేసిరి. స్వచ్ఛంద సేవకులు ఇండ్లకు పోయిరి. శకటములు గిడ్డంగులకు పోయెను. అక్కడ బారులుగా నిలిచి, అప్పుడప్పుడు వరదలకో, నీటి ఎద్దడికో బయటికి వచ్చుచు కాలము గడిపినవి.

1977 నవంబరు 14న బ్రిటను అగ్నిమాపకులు మొదటిసారి దేశవ్యాప్తముగా సమ్మె కట్టిరి. చాలని జీతముతో కుటుంబములు నడుపలేమని వారి మొఱ. సమ్మె మఱుసటి జనవరి వఱకు, సుమారు తొమ్మిది వారములు సాగెను. ప్రభుత్వము గిడ్డంగుల తలుపులు తెఱచి పచ్చని శకటములను సైనికుల కప్పగించెను. ఊరి దారులు తెలియని సైనికులకు పోలీసులు ముందు నడిచి త్రోవ చూపిరి. స్టేషనుల వాకిళ్లలో సమ్మెకారులు చలికి కుంపట్లు రాజేసికొని నిలిచియుండగా, వారి యెదుటినుండియే పచ్చని దేవత గంట మ్రోగించుకొనుచు సాగిపోయెడిది. 2002 నవంబరులో మరల సమ్మె వచ్చినప్పుడును ఇదే దృశ్యము. స్టేషనులలోని ఎఱ్ఱని ఆధునిక శకటములు చాలవఱకు అక్కడనే నిలిచిపోగా, అప్పటికి 46 ఏండ్లు దాటిన శకటములను వాటికంటె ఎంతో చిన్నవారైన సైనికులు నడిపిరి.

కావుననే ఈ వాహనమును చూచువారి చూపు ఒక్కటి కాదు. సహాయక దళములో పనిచేసిన వృద్ధునకు అది తన యౌవనము. నాడు మంటలనుండి బయటపడిన గృహస్థునకు ప్రాణదాత. సమ్మెలో నిలిచిన అగ్నిమాపకునకో, తన బిడ్డల అన్నమునకు అడ్డువచ్చిన బండి. ముగ్గురు చెప్పునదియు నిజమే.

2004 తరువాత ప్రభుత్వము ఈ శకటములను వదలించుకొనెను. కొన్ని ఆఫ్రికా దేశముల అగ్నిమాపక దళములకు చేరినవి. కొన్ని సేకర్తల చేతబడినవి. ఏండ్ల తరబడి గిడ్డంగులలో నున్నందున చాలవానిపై తిరిగిన మైళ్లు తక్కువ. కొన్నవాడు అదృష్టవంతుడ ననుకొనును. కాని బండికి తిరుగుటకంటె తిరుగకుండుటయే పెద్ద జబ్బు. టైర్ల రబ్బరు నిలిచినచోటనే బీటలు వాఱును. బ్రేకులు బిగిసికొనిపోవును. పెట్రోలు తొట్టిలో త్రుప్పు చేరును. నాటి ఇంజనులు సీసము కలిపిన పెట్రోలునకు అలవడినవి. ఆ పెట్రోలును బ్రిటనులో 2000వ సంవత్సరమునుండి సామాన్య విక్రయమునుండి తొలగించిరి. ఇదే జాతి బెడ్ఫర్డు లారీలను సైన్యము విరివిగా వాడినందున ఇంజను భాగములు దొరకుటలో కొంత మేలు కలదు.

వీటన్నిటికంటె క్లిష్టమైనది మఱియొక ప్రశ్న. పుట్టినప్పుడు ఈ శకటమునకు గంట మాత్రమే యుండెను. నుదుట కనిపించు నీలి దీపములు తరువాత అమర్చినవి. 1950 దశకపు రూపమును తిరిగి తేవలెనని కోరు సేకర్త ఆ దీపములను ఊడదీయును. రంధ్రములు పూడ్చి రంగు పూయును. బండి పెండ్లికొడుకువలె నిగనిగలాడును. కాని ఆ రంగు క్రింద సమ్మెల కథ కూడ పూడిపోవును. అసలు రూపమనగా ఏది? పుట్టిన నాటిదా, పని చేసిన నాటిదా? పాత శాసనముపై తరువాతి రాజు చెక్కించిన పంక్తులను అందము చెడుచున్నదని ఎవరును చెరిపివేయరు గదా. దీపములను ఉన్నచోట ఉండనిచ్చినవారే మంచి పని చేసినవారు. వారి బండియొద్దకు వృద్ధ స్వచ్ఛంద సేవకుడును వచ్చును, నాటి సమ్మెకారుడును వచ్చును. వారిద్దఱి మాటలు బండి ప్రక్కన నిలిచిన పిల్లల చెవిని పడును.

సేకర్తల కూటములలో ఏటి గట్టున పంపు నడిపి చూపుట కలదు. మందమైన నల్లని గొట్టమును ఇద్దఱు ముగ్గురు పట్టి నీటిలోనికి దింపుదురు. కీళ్లలో ఎక్కడనైన గాలి దూఱినచో పంపు గర్జించుటయే గాని చుక్క నీరు రాదు. మరల కీళ్లు బిగించి, మరల గాలి తీయుదురు. చుట్టు మూగిన జనము ముల్లువైపు చూచుచుందురు. ముల్లు కదలును, పడియున్న గొట్టము మెల్లగా ఉబ్బి నేలపై పొరలును, కొననుండి నీరు విల్లువలె వంగి ఏటిలోనికే తిరిగి పడును. వేడుక ముగిసి జనము మరలిన పిమ్మట యజమాని ఒంటరిగా క్రిందికి దూరి పంపు అడుగున నున్న కొళాయి విప్పును. లోపల నీరు మిగిలినచో చలికాలమున గడ్డకట్టి పంపును పగులగొట్టును. చివరి చుక్క కాఱువఱకు అతడు అక్కడనే కూర్చుండును.