గాయపాకు: పేరు, పరీక్ష

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైలుకూడలిగా పెరిగిన పట్టణం. రైల్వే కొలువులకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ ఉన్నవి. కుదుదండ్ వంటి పేటలలో దారి ప్రక్కన మొలిచే ఒక చిన్న మొక్క వారికి కొత్తది కాదు. తెలుగులో అది గడ్డిచామంతి, గాయపాకు. తమిళంలో వెట్టుక్కాయప్పూండు, అనగా తెగిన గాయానికి వాడే మొక్క. శాస్త్రనామం ట్రైడాక్స్ ప్రొకంబెన్స్. పుట్టినిల్లు ఉష్ణమండల అమెరికా. పరదేశపు మొక్కకు మన రెండు భాషలు ఒకే గుణాన్ని బట్టి పేరు పెట్టడం విశేషం.

అయితే పేరు నిదర్శనం కాజాలదు. చిన్న గాయం మందు లేకున్నను మానుతుంది. ఆకురసం పూసిన పిదప మానినంత మాత్రాన దానివల్లనే మానినదని చెప్పలేము. ఈ చిక్కును విడదీయడానికే పరీక్ష అవసరం.

బిలాస్‌పూర్‌లో 1983లో ఏర్పడి, 2009లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయంలో ఔషధశాస్త్ర విభాగమున్నది. ఆ శాస్త్రంలో ఇట్టి పరీక్షలకు స్థిరపడిన క్రమమిది. ఎలుకలను సమాన వర్గాలుగా విభజించి, మత్తు ఇచ్చి, ఒకే కొలత గాయం చేస్తారు. ఒక వర్గానికి మందు లేని లేపనం, మరొక వర్గానికి వాడుకలోనున్న ఔషధం, వేరొక వర్గానికి మొక్కసారం కలిపిన లేపనం పూస్తారు. గాయం వైశాల్యం ఎన్ని రోజులలో ఎంత తగ్గినదో కొలుస్తారు. కుట్టిన గాయమైతే, అతుకు ఎంత బరువుకు విడిపోవునో చూస్తారు. మందు లేని వర్గంతో పోల్చినపుడే మొక్క ప్రభావం తేలుతుంది.

గడ్డిచామంతిపై దివాన్, టిల్లూ, కులకర్ణి అను శాస్త్రజ్ఞుల పరిశోధనలు 1982, 1983లలో వెలువడినవి. స్టిరాయిడ్ ఇచ్చినందున గాయాలు మానుట మందగించిన ఎలుకలలో ఈ సారం అతుకు బలాన్ని, పైచర్మపు ఎదుగుదలను మెరుగుపరచినది. గాయం ముడుచుకొనుటను మాత్రం త్వరపరచలేదు. గాయం మానుట ఒకే క్రియ కాదని దీనివల్ల తెలియుచున్నది.

ఎలుక చర్మం వదులైనది. దాని గాయం ముఖ్యంగా ముడుచుకొని మూసుకుంటుంది. మానవుని గాయం చాలవరకు కొత్త కణజాలంతో పూడుతుంది. కనుక ఎలుకలో ఫలితం మానవునికి తుదితీర్పు కాదు. మూగజీవి భరించే బాధ కూడ స్వల్పం కాదు. అందువల్లనే 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం ప్రకారం నైతిక సంఘం అనుమతి లేనిదే ఇట్టి పరీక్ష చేయరాదు.

దారిప్రక్కన కోసిన పచ్చి ఆకుకు మట్టి అంటి ఉంటుంది. ధనుర్వాతపు క్రిములు ఉండేది మట్టిలోనే. ప్రయోగశాలలోని శుద్ధమైన సారం వేరు, అరచేత నలిపిన ఆకు వేరు. కనుక గాయాన్ని శుభ్రమైన నీటితో కడిగి, వైద్యుని సలహాతో టీకా వేయించుకొనుటయే ప్రథమ కర్తవ్యం. పల్లెల అనుభవం శాస్త్రానికి ప్రశ్నను అందించినది. సమాధానం పరీక్షలోనే లభించవలెను.