కుడి స్టిక్ బదులు ట్రాక్‌ప్యాడ్: ఫోన్‌లో ఆడి నేర్చుకున్నోళ్లకే ఇది తొందరగా వస్తుంది

గేమ్ కంట్రోలర్ అనగానే గుర్తొచ్చేవి రెండు అనలాగ్ స్టిక్‌లు. ఎడమది నడవడానికి, కుడిది చుట్టూ చూడటానికి. వాల్వ్ కంపెనీ 2015 నవంబర్‌లో 49.99 డాలర్లకు అమ్మకానికి పెట్టిన స్టీమ్ కంట్రోలర్‌లో ఆ కుడి స్టిక్ లేదు. ఆ జాగాలో గుండ్రటి ట్రాక్‌ప్యాడ్ ఉంటుంది. ఎడమవైపు ఇంకో ప్యాడ్, దాని కింద ఒకే ఒక్క స్టిక్. జనానికి ఇది ఎక్కలేదు. 2019 నవంబర్‌లో మిగిలిన సరుకును 5 డాలర్లకే అమ్మేసి తయారీ ఆపేశారు. అయినా వాల్వ్ ఆ ఆలోచనను మాత్రం వదల్లేదు. 2022లో వచ్చిన స్టీమ్ డెక్‌లో రెండు ప్యాడ్‌లు ఉన్నాయి. 2025 నవంబర్‌లో ప్రకటించిన కొత్త స్టీమ్ కంట్రోలర్‌లోనూ ఉన్నాయి.

అమెరికాలో ఉండే మా బావ వాడి పక్కన పెట్టేసిన పాత స్టీమ్ కంట్రోలర్‌తో నాలుగు నెలలుగా ఇక్కడ వర్నిలో ఆడుతున్నాను. నాకు అర్థమైంది ఏంటంటే, ఈ ప్యాడ్ ఎవరికి తొందరగా వస్తుందనేది వాళ్లు ఆట ఎక్కడ నేర్చుకున్నారన్న దాన్ని బట్టే ఉంటుంది.

మా ఊళ్లో నాకు తెలిసిన గేమర్లలో ప్లేస్టేషన్‌తో పెరిగినవాళ్లు ఒక్కరూ లేరు. అందరూ ఫోన్ గ్లాసు మీద బొటనవేళ్లు అరగదీసినవాళ్లే. 2020 సెప్టెంబర్‌లో నిషేధించేదాకా పబ్‌జీ మొబైల్, 2021 జూలై నుంచి బీజీఎంఐ. వీళ్లలో కొందరు తర్వాత లాప్‌టాప్ కొంటారు, మామూలు కంట్రోలర్ ఒకటి తగిలిస్తారు, వారం తిరక్కుండానే "పీసీ గేములు మనతోని కావు" అని మూలన పడేస్తారు. మా పిన్ని కొడుకూ అంతే. ఫోన్‌లో గైరో పెట్టుకుని ఎంతో దూరంలో ఉన్నవాణ్ని కొట్టేవాడు, స్టిక్ పట్టుకుంటే ఎదురుగా ఉన్న తలుపు మీద గురి నిలపలేకపోయాడు. "అన్నా, నేను ఆపిన్నా ఇది ఆగుతలేదు" అన్నాడు.

వాడన్న ఆ ఒక్క మాటలో అసలు సంగతి ఉంది. స్టిక్ మీ వేలు నుంచి తీసుకునేది వేగం. కొంచెం నెడితే నెమ్మదిగా, గట్టిగా నెడితే జోరుగా చూపు తిరుగుతూనే ఉంటుంది. ఆపాలంటే స్టిక్‌ను మళ్లీ నడిమధ్యకు రానివ్వాలి. ట్రాక్‌ప్యాడ్ తీసుకునేది దూరం. వేలు ఎంత జరిగితే చూపు అంత జరుగుతుంది, వేలు ఆగితే ఆగుతుంది. ఫోన్ గ్లాసూ ఇంతే, మౌసూ ఇంతే. అందుకే మావాడి చేతికి స్టీమ్ కంట్రోలర్ ఇస్తే ఒక్క సాయంత్రంలో దారిలో పడ్డాడు. హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి ప్లేస్టేషన్ ఆడిన నా దోస్తుకు రెండు వారాలు పట్టింది. వాడి బొటనవేలు ఇప్పటికీ ప్యాడ్ అంచుకు వెళ్లి అక్కడే నొక్కిపట్టుకుంటుంది, స్టిక్ ఉందనుకుని.

అలవాటు పడాలంటే ముందు సెట్టింగులు సరిచేయాలి. స్టీమ్ ఇన్‌పుట్‌లో కుడి ప్యాడ్ జాయ్‌స్టిక్ లాగా పనిచేసేలా ఉంటే వెంటనే మౌస్‌కు మార్చండి. ప్యాడ్‌తో స్టిక్ పని చేయిస్తే రెండింటి కష్టాలూ వస్తాయి, ఏ ఒక్క సుఖమూ రాదు. కొన్ని ఆటలు మౌస్‌నూ కంట్రోలర్ బటన్‌లనూ ఒకేసారి ఒప్పుకోవు, తెర మీది బటన్ గుర్తులు మాటిమాటికీ మారిపోతుంటాయి. వాటికి 'మౌస్-లైక్ జాయ్‌స్టిక్' అనే మధ్యే మార్గం ఉంది, మౌస్ అంత బాగా మాత్రం ఉండదు. సెన్సిటివిటీని బాగా పెంచండి. ప్యాడ్ ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒక్కసారి గీస్తే మనిషి పూర్తిగా వెనక్కి తిరిగేలా నేను పెట్టుకున్నాను. ట్రాక్‌బాల్ మోడ్ ఆన్ చేస్తే వేలు విదిలించి వదిలినా చూపు కాసేపు దొర్లుతుంది, మళ్లీ వేలు పెడితే ఆగుతుంది. లోపలి హాప్టిక్ మోటార్లు టిక్కుటిక్కుమంటూ ఆ దొర్లుడును వేలికి తెలియజేస్తాయి.

ఇక గైరో. కుడి ప్యాడ్‌ను తాకినప్పుడే పనిచేసేలా పెట్టండి. పెద్ద తిప్పుడు ప్యాడ్‌తో, చివరి చిన్న సర్దుబాటు చేతి కదలికతో. బీజీఎంఐలో గైరో వాడినవాళ్లకు ఇది నేర్పాల్సిన పని లేదు. మొదలుపెట్టడానికి 'పోర్టల్ 2' లాంటి ఆట మంచిది, తరిమేవాళ్లు తక్కువ, తీరిగ్గా గురి చూసుకోవచ్చు.

నడవడానికి మాత్రం ప్యాడ్ పనికిరాదనేది నా అభిప్రాయం. వేలికి కింద ఏదీ ఆనదు, ఎటు నెడుతున్నామో కళ్లతో చూస్తేగానీ తెలియదు. వాల్వ్ కూడా అక్కడికే వచ్చింది. 2013లో చూపించిన తొలి నమూనాలో స్టిక్ అసలు లేదు, అమ్మినదానిలో ఒకటి చేరింది, స్టీమ్ డెక్‌లో రెండయ్యాయి. కార్ రేసింగ్, ఫుట్‌బాల్ లాంటి ఆటల్లోనూ స్టిక్‌దే పైచేయి. అదే 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2', 'సిటీస్: స్కైలైన్స్' లాంటి మౌస్ ఆటలైతే ప్యాడ్‌కు పోటీ లేదు. టేబుల్ అక్కర్లేదు, మౌస్ అక్కర్లేదు, మంచం మీద కూర్చుని ఊర్లు కట్టుకోవచ్చు.

వర్నికి సంబంధించిన మాట ఇంకోటి. ఇది నిజాంసాగర్ ఆయకట్టు, వరి పండే నేల. కోతలప్పుడు ఇళ్లలోకి వచ్చే దుమ్ము సంగతి ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. మామూలు స్టిక్ లోపల రాసుకుంటూ తిరిగే భాగాలుంటాయి. అవి అరిగినా, దుమ్ము చేరినా మనం ముట్టుకోకుండానే చూపు పక్కకు జారుతుంది, దాన్నే డ్రిఫ్ట్ అంటారు. నా పాత కంట్రోలర్ అలాగే పోయింది. ప్యాడ్‌లో వేలిని పసిగట్టే చోట అట్లా అరిగేది ఏదీ లేదు, గుడ్డతో తుడిస్తే సరి. కానీ ఎండాకాలం చెమటకు వేలు అతుక్కుంటుంది, గురి ఎగురుతుంది. ఫోన్ గేమర్లు తొడుక్కునే ఫింగర్ స్లీవ్స్ ప్యాడ్ మీద కూడా పనిచేశాయి. ఛార్జింగ్ గోల కూడా లేదు, ఏ కిరాణా కొట్టులోనైనా దొరికే రెండు డబుల్ ఏ బ్యాటరీలు చాలు.

డబ్బు పెట్టేముందు ఊరికే ఒకసారి చూడాలనుకుంటే రెండు దారులున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో స్టీమ్ లింక్ యాప్ వేసుకుంటే ఫోన్ తెర మీదే కంట్రోల్స్ వస్తాయి, లాప్‌టాప్‌లోని ఆటను వాటితో ఆడొచ్చు. ఎవరి దగ్గరైనా పీఎస్4 కంట్రోలర్ ఉంటే దాని మధ్యలో ఉన్న టచ్‌ప్యాడ్‌ను స్టీమ్ ఇన్‌పుట్‌లో మౌస్‌గా మార్చుకోవచ్చు. బొటనవేలు కాస్త ఎక్కువ దూరం చాపాల్సి వస్తుంది కాబట్టి తుపాకీ ఆటలతో కాకుండా నిదానంగా సాగే స్ట్రాటజీ ఆటతో చూడండి.