టింబక్టూ: ఎడారి అంచున ఒక విద్యానగరం

చేరశక్యం కాని దూరదేశానికి మారుపేరుగా ఐరోపా ప్రజల వాడుకలో 'టింబక్టూ' అనే మాట స్థిరపడింది. ఇస్లామీయ విద్యాచరిత్రలో దాని స్థానం వేరు. ఒకప్పుడు పండితులు వెదుక్కుంటూ వచ్చిన నగరమది. పశ్చిమ ఆఫ్రికాలోని మాలీ దేశంలో, సహారా ఎడారి ముగిసి నైజర్ నది మలుపు తిరిగే చోటుకు ఉత్తరాన ఉన్నది. ఆ నగరంలో విద్య ఎలా వర్ధిల్లింది, ఇన్ని దెబ్బలు తిని కూడ ఎలా నిలిచింది అన్నది మనం తెలుసుకోదగిన విషయం.

ఉప్పు, బంగారం, గ్రంథాలు

క్రీ.శ. 1100 ప్రాంతంలో టువారెగ్ సంచార జాతివారు వేసవి విడిదిగా ఏర్పరచుకొన్న చోటు క్రమంగా ఊరైంది. ఉత్తరాన ఎడారి గనుల నుండి ఒంటెలపై ఉప్పు పలకలు వచ్చేవి. దక్షిణాన నదీమార్గంలో బంగారం, ధాన్యం వచ్చేవి. రెండు దారులు కలిసేది ఇక్కడే.

మాలీ చక్రవర్తి మన్సా మూసా 1324లో హజ్ యాత్ర చేశాడు. తిరుగు ప్రయాణంలో గ్రనాడాకు చెందిన అబూ ఇస్‌హాఖ్ అస్సాహిలీని వెంట తెచ్చుకొన్నాడు. జింగరేబేర్ జామె మస్జిదు ఆయన పర్యవేక్షణలోనే లేచిందని ప్రతీతి. ప్రపంచ యాత్రికుడు ఇబ్నె బతూతా 1353లో ఈ నగరాన్ని చూశాడు. 1493లో సొంఘాయ్ సింహాసనం అధిష్ఠించిన అస్కియా ముహమ్మద్ ఉలమాలను ఎంతో ఆదరించాడు. ఆ తరువాతి నూరేండ్లు టింబక్టూకు స్వర్ణయుగం. అప్పట్లో ఇక్కడికి వచ్చిన హసన్ అల్ వజ్జాన్, తక్కిన సరుకులన్నిటికంటె గ్రంథాల మీదనే ఎక్కువ లాభం వచ్చేదని వ్రాశాడు.

సాంకోరే అంటే ఏమిటి?

'సాంకోరే విశ్వవిద్యాలయం' అని నేటి రచనలలో తరచు కనిపిస్తుంది. ఇరవై అయిదు వేల మంది విద్యార్థులు ఉండేవారని కూడ వ్రాస్తుంటారు. ఇది విని గర్వపడటం సహజమే గాని, ఆ చిత్రం సరియైనది కాదు. అక్కడ ఒకే పాలకవర్గం గాని, ఒకే పాఠ్యప్రణాళిక గాని, పట్టాలిచ్చే కార్యాలయం గాని లేవు. ఆనాటి చరిత్ర గ్రంథమైన 'తారీఖుల్ ఫత్తాష్' చెప్పేది పిల్లలకు ఖుర్ఆన్ నేర్పే మక్తబుల సంగతి. అవి నూటయాభైకి తక్కువ కాకుండా ఉండేవట.

ఒక ధనిక స్త్రీ దానంతో వెలసిన మస్జిదు సాంకోరే. తరువాతి కాలంలో ఖాజీ అల్ ఆఖిబ్ హజ్‌కు వెళ్ళి, కాబా గృహపు కొలతలు తాడుతో తీసుకొని వచ్చి, ఈ మస్జిదు ప్రాంగణాన్ని ఆ కొలతలతో పునర్నిర్మించాడు. మస్జిదు చుట్టూ పండితుల ఇండ్లు ఉండేవి. విద్యార్థి ఒక గురువు వద్ద ఒక గ్రంథాన్ని మొదటి నుండి చివరి వరకు చదివి, ఆ గ్రంథం బోధించేందుకు ఇజాజత్ పొందేవాడు. వేరే గ్రంథానికి వేరే గురువు. మాలికీ ఫిఖ్హ్‌లో 'ముఖ్తసర్ ఖలీల్', హదీసులో 'మువత్తా', 'సహీహ్ బుఖారీ' వంటివి చదివేవారు. అంటే అక్కడి విశ్వవిద్యాలయం కట్టడంలో లేదు, గురువులలోను వారి ఇండ్లలోని గ్రంథాలలోను ఉన్నది.

ఆ గురువులలో ముహమ్మద్ బగయోగో (రహ్మ) ఒకరు. ఆయన అరుదైన గ్రంథాలను సైతం అడిగినవారికి ఎరువిచ్చి, తిరిగి రాకపోయినా అడిగేవారు కారని ఆయన శిష్యుడు అహ్మద్ బాబా వ్రాశారు. మందబుద్ధి విద్యార్థికి కూడ విసుగు లేకుండా చెప్పేవారట. ఒక ప్రతి విలువ ఎంతో తెలిస్తేగాని ఈ ఔదార్యం మనకు అర్థం కాదు. 1573 ప్రాంతంలో టింబక్టూలో 'ముహ్కమ్' అనే అరబ్బీ నిఘంటువుకు నకలు తీయించినప్పుడు, వ్రాసినవారికి, దాన్ని సరిచూసినవారికి వేర్వేరుగా బంగారంతో వేతనం ముట్టింది.

సంకెళ్ళలో పండితుడు

1591లో (హిజ్రీ 999) మొరాకో సుల్తాను సైన్యం తుపాకులతో ఎడారి దాటి వచ్చి సొంఘాయ్‌ని ఓడించింది. రెండేండ్ల తరువాత పండితులను నిర్బంధించి, సంకెళ్ళు వేసి మరాకష్‌కు తరలించారు. వారిలో అహ్మద్ బాబా (1556–1627) ఉన్నారు. దారిలో ఒంటె మీద నుండి పడి ఆయన కాలు విరిగింది.

మరాకష్‌లో సుల్తాను తెర వెనుక నుండి మాట్లాడబోయాడు. అల్లాహ్ మానవునితో తెర వెనుక నుండి మాట్లాడతాడన్న ఖుర్ఆన్ వచనాన్ని ఆయన గుర్తుచేసి, మీరు ప్రభువును అనుకరిస్తున్నారు, మాట కావాలంటే తెర తీయండని నిర్భయంగా అన్నారు. తెర తొలగింది. అప్పుడు ఆయన తన గ్రంథాలను ఎందుకు దోచారని అడిగారు. తన బంధువులందరిలోకి తన గ్రంథాలయమే చిన్నదనీ, అందులోనుండే 1,600 సంపుటాలు పోయాయనీ చెప్పారు. విడుదలైన తరువాత కూడ ఆయనను స్వదేశానికి పోనివ్వలేదు. ఆయన అక్కడే పాఠాలు చెప్పారు, ఫత్వాలు వ్రాశారు. 1608 ప్రాంతంలో గాని సొంత ఊరు చేరలేదు.

పెట్టెలలో దాగిన విద్య

సముద్ర వ్యాపారం పెరిగే కొద్దీ ఎడారి దారుల ప్రాముఖ్యం తగ్గింది. 1893–94లో ఫ్రెంచివారు నగరాన్ని ఆక్రమించుకొన్నారు. గ్రంథాలు మాత్రం తోలు సంచులలో, పెట్టెలలో, ఇండ్ల మట్టిగోడల వెనుక తరతరాలుగా నిలిచాయి. ఫిఖ్హ్, తఫ్సీర్‌లతో బాటు ఖగోళ శాస్త్రం, వైద్యం, క్రయవిక్రయ పత్రాలు వాటిలో ఉన్నాయి. కొన్ని అరబ్బీ లిపిలో వ్రాసిన స్థానిక భాషల రచనలు. స్వతంత్ర మాలీలో 1973లో అహ్మద్ బాబా పేర ఒక సంస్థ ఏర్పడి వీటిని సేకరించసాగింది. 1988లో యునెస్కో ఈ నగరాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

2012 ఏప్రిల్‌లో సాయుధ వర్గాలు నగరాన్ని పట్టుకొన్నాయి. ఇస్లాం పేరుతోనే పూర్వ పండితుల సమాధి మందిరాలను గునపాలతో కూల్చాయి, సీదీ యహ్యా మస్జిదు తలుపును పగులగొట్టాయి. సమాధులపై కట్టడాల గురించి ఉలమాలలో చర్చ పాతదే. అయితే ఈ నగరంలో భేదాభిప్రాయానికి సమాధానం మరొక ఫత్వా, మరొక గ్రంథం. గునపం ఆ సంప్రదాయానికి చెందినది కాదు. 2013 జనవరిలో పారిపోతూ వారు అహ్మద్ బాబా సంస్థలో కొన్ని వేల వ్రాతప్రతులను తగులబెట్టారు. అప్పటికే గ్రంథపాలకులు, సామాన్య గృహస్థులు, డ్రైవర్లు, పడవవాళ్ళు ఇనుప పెట్టెలలో లక్షలాది ప్రతులను రహస్యంగా రాజధాని బమాకోకు చేర్చారు.

నేటి టింబక్టూ

సమాధి మందిరాలను 2015 నాటికి స్థానిక మేస్త్రీలే తిరిగి కట్టారు. ఆ విధ్వంసానికి బాధ్యుడైన ఒక వ్యక్తికి అంతర్జాతీయ నేర న్యాయస్థానం 2016లో తొమ్మిదేండ్ల శిక్ష విధించింది. తప్పు ఒప్పుకొని క్షమాపణ కోరిన అతడు ఒకప్పుడు బోధనా శిక్షణ పొందినవాడే.

కష్టాలు తీరలేదు. 2023 ఆగస్టులో సాయుధ వర్గం ఒకటి నగరానికి సరుకులు రాకుండా దిగ్బంధం ప్రకటించింది. ఆ సంవత్సరాంతానికి ఐక్యరాజ్యసమితి దళాలు దేశం విడిచాయి. అయినా మట్టి మస్జిదులకు ఊరంతా కలిసి కొత్త మట్టి పూసే ఆచారం నిలిచి ఉన్నది. పిల్లలు కొయ్యపలకల మీద ఆయతులు వ్రాసి కంఠస్థం చేస్తూనే ఉన్నారు. బమాకోలోని తేమ ఎడారి కాగితాలకు హానికరం. 2025 ఆగస్టులో అహ్మద్ బాబా సంస్థ వ్రాతప్రతులు రెండు వందలకు పైగా పెట్టెలలో సొంత ఊరికి తిరిగి వచ్చాయి.

సైన్యం గురువులను తీసుకుపోయింది, అగ్ని కొన్ని ప్రతులను తిన్నది. నకలు తీసినవారు, ఎరువిచ్చినవారు, దాచినవారు ఉండబట్టి మిగిలినది మిగిలింది. మన ఇండ్లలో కూడ తాతల నాటి అరబ్బీ, ఫార్సీ, ఉర్దూ కితాబులు, చదివేవారు లేక, అటకల మీద ఉండవచ్చు. వాటిని దించి, పేరు, నకలు వ్రాసినవారు, సంవత్సరం ఒక కాగితంపై వ్రాసి, తెలిసినవారికి చూపడానికి ఒక సెలవు దినం చాలు.