మొదటి కారు పెట్రోలుదా? కరెంటుదా?
తిరిగే దూరం లెక్క చూసుకొన్న తర్వాతే బయానా

చిత్తూరు: పాల డబ్బులు కూడబెట్టుకొనో, బెంగుళూరులో ఉద్యోగం చేసే కొడుకు పంపిన సొమ్ముతోనో ఇంటికి మొదటి కారు తెచ్చుకోవాలనుకొనే కుటుంబాలను ఇప్పుడొక సందేహం పట్టుకొన్నది. పెట్రోలు కారు కొనాలా, కరెంటు కారు కొనాలా అన్నదే ఆ సందేహం. రచ్చబండ దగ్గర తలొక మాట చెబుతున్నారు. అప్పు తీర్చవలసింది మాత్రం కొన్నవాడే.

కరెంటు బండి కొండ ఎక్కుతుందా అన్న అనుమానం మనవారికి అక్కరలేదు. 2022 సెప్టెంబరులో ఆర్టీసీ తిరుమల ఘాట్ రోడ్డుపై కరెంటు బస్సులు ప్రారంభించింది. ఎక్కేటప్పుడు చార్జి ఎక్కువ ఖర్చవుతుంది. దిగేటప్పుడు మోటారే డైనమోలా పనిచేసి కొంత కరెంటును బ్యాటరీకి తిరిగి ఇస్తుంది. మొగిలి ఘాట్‌లోనైనా, భాకరాపేట ఘాట్‌లోనైనా ఇదే పద్ధతి. అయితే ఎక్కడానికి అయిన ఖర్చంతా దిగేటప్పుడు తిరిగి రాదు.

ఖర్చు లెక్క

లీటరు పెట్రోలు 110 రూపాయలనీ, చిన్న కారు లీటరుకు 18 కిలోమీటర్లు ఇస్తుందనీ అనుకొందాం. కిలోమీటరుకు ఆరు రూపాయల పైచిలుకు పడుతుంది. కరెంటు కారుకు యూనిట్‌కు ఆరు కిలోమీటర్లు వేసుకొందాం. 2025-26 ధరల ప్రకారం ఇంటి మీటరు నెలకు 400 యూనిట్లు దాటితే, ఆ పైన యూనిట్ 9 రూపాయల 75 పైసలు. ఆ పై ధర లెక్కనే చూసినా కిలోమీటరుకు సుమారు ఒక రూపాయి 60 పైసలు. సర్దుబాటు చార్జీలు అదనం. మొత్తంమీద కిలోమీటరుకు నాలుగున్నర రూపాయలు మిగులుతుంది.

కాని కొనేటప్పుడు కరెంటు కారు ఖరీదెక్కువ. తేడా మూడు లక్షలనుకొందాం. రోజుకు 60 కిలోమీటర్ల చొప్పున ఏడాదికి 300 రోజులు తిరిగే పాల వ్యాపారికి ఏటా 81 వేలు మిగిలి, నాలుగేళ్ల లోపే ఆ తేడా తీరిపోతుంది. రోజుకు పది కిలోమీటర్లే తిరిగే రైతుకు ఏటా మిగిలేది 13,500 రూపాయలు. ఆయనకు 22 ఏళ్లు పడుతుంది! అదీగాక చిన్న పెట్రోలు కార్లపై జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి తగ్గింది. కరెంటు కార్లపై 5 శాతమే ఉన్నది.

తమిళనాడు, కర్ణాటకలలో పెట్రోలు మనకంటే చవక. సరిహద్దు మండలాలవారు అక్కడ నింపించుకొని రావడం కద్దు. అటువంటివారికి మిగులు ఇంకా తగ్గుతుంది.

ఇంట్లో ప్లగ్గు ఉన్నదా?

24 యూనిట్ల బ్యాటరీ గల చిన్న కారు 15 ఆంపియర్ల ప్లగ్గు మీద నిండడానికి రాత్రంతా పడుతుంది. ఆ ప్లగ్గు సుమారు మూడు కిలోవాట్లు లాగుతుంది. చాలా పల్లె ఇళ్లకు మంజూరైన లోడు ఒక కిలోవాటే. కాబట్టి ముందుగా విద్యుత్ శాఖ కార్యాలయంలో అదనపు లోడుకు దరఖాస్తు చేసుకోవాలి. ఎర్తింగు సరిచూసుకోవాలి. బోరు మోటారుకిచ్చే ఉచిత కరెంటు సేద్యానికి మాత్రమే. దాని నుంచి కారుకు వైరు లాగితే చిక్కుల్లో పడతారు.

చిత్తూరు నుంచి తిరుపతికి 70 కిలోమీటర్లు. వెళ్లి రావడానికి ఇటువంటి కారుకు ఒక చార్జి సరిపోతుంది. కాని అర్ధరాత్రి ఆయాసంతో ఉన్న పెద్దవారిని వేలూరు ఆసుపత్రికి తీసుకుపోవలసి వస్తే, ఆ వేళకు బ్యాటరీలో ఎంత ఉన్నదన్నదే ప్రశ్న. రోజూ పడుకొనేముందు ప్లగ్గు పెట్టే అలవాటు లేని ఇంటికి పెట్రోలు కారే మేలు. మరమ్మతుకు కూడా పెట్రోలు కారుకైతే దగ్గరి టౌనులో మెకానిక్ దొరుకుతాడు. కరెంటు కారుకు చాలావరకు కంపెనీ షెడ్డుకే పోవాలి. బ్యాటరీ వారంటీ ఎన్నేళ్లో, ఎన్ని కిలోమీటర్లో కాగితం మీద చూసుకోవాలి.

అప్పు విషయంలోనూ జాగ్రత్త అవసరం. 2025లో తోతాపురి ధర పడిపోయి కిలోకు నాలుగు రూపాయలు ప్రభుత్వమే ఇవ్వవలసి వచ్చింది. పంట ధర పడిపోయినా బ్యాంకు వాయిదా ఆగదు.

కొనదలచినవారు ముందు ఒక నెలపాటు మోటారు సైకిలు, బస్సు, అద్దె ఆటోల మీద ఇంటిల్లిపాదీ తిరిగిన దూరం నోటుపుస్తకంలో రాసుకోవాలి. రోజుకు 50 కిలోమీటర్లు దాటి, ఇంట్లో ప్లగ్గు సౌకర్యముంటే కరెంటు కారు గిట్టుబాటవుతుంది. ఇరవై లోపే అయితే పెట్రోలు కారు చాలు. పదిలోపే అయితే అవసరానికి అద్దె కారు పిలుచుకొని, ఆ సొమ్ము సేద్యానికి ఉంచుకోవడం మంచిది.